తురాయిలో తడి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా తమ్ముడు ఇమ్మానుయేలు ఊరంతా చెప్పుకు తిరుగుతాడు. నిజమే. కానీ ఆ కోపాన్ని పెంచి పోషించింది వాడూ, మా అమ్మానే. గుంటూరులో కంటి ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో నేను నర్సుని, పేరు స్తుతి. దాచేపల్లి నుంచీ మార్టూరు నుంచీ జనం బస్సులు దిగి వచ్చి చూపు తెచ్చుకుని పోతుంటే, నా సొంత తల్లి మాత్రం ప్రత్తిపాడు దారిలో ఉన్న మా పల్లెలో గోడలు తడుముకుంటూ తిరిగేది. కంటి మీద కత్తి పెట్టనివ్వనని ఆమె మొండికేసింది. ఎలీసమ్మ పట్టు ఉడుంపట్టని మా పల్లెలో అందరికీ తెలుసు.

అమ్మ కంట్లో పొర మొదలైనప్పుడు తమ్ముడు పదో తరగతి. అది ముదిరేసరికి వాడు చదువు మానేసి మిర్చి యార్డులో ముఠా కూలీగా చేరాడు. అంటే అమ్మ వాణ్ణి ఆఖరిసారి సరిగ్గా చూసింది మూతి మీద నూగైనా రాని వయసులో. ఆ తర్వాత వాడి గొంతు మారింది, భుజాలు విచ్చుకున్నాయి, మనిషి మొత్తం మారిపోయాడు. అవన్నీ ఆమె విన్నది, తడిమి తెలుసుకున్నది, అంతే. రోజూ సాయంత్రం వాడు స్నానం చేసి వచ్చాక మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని ముఖమంతా చేత్తో తడిమేది. నీ గడ్డం కాదురా, కోసేసిన పత్తి మోళ్ళు, నా అరిచెయ్యి గీరుకుపోతోంది అని తిట్టేది. తిట్టేదే కానీ చెయ్యి తీసేది కాదు.

ఆ గడ్డం వాడు సోకు కోసం పెంచింది కాదు. యార్డులో పనిచేసేవాళ్ళు సీజన్లో పనిరోజు పొద్దున గడ్డం గీసుకోరు. కత్తి నడిచిన చర్మం మీద మిరప దుమ్ము పడితే ఆ మంట పగవాడికి కూడా వద్దు. యార్డు గేటు ఎదురుగా సెలూన్ పెట్టుకున్న పేరయ్య, పొద్దున్నే ఎవరైనా కుర్చీ ఎక్కితే ముందుగా "యార్డుకేనా?" అని అడుగుతాడు. అవునంటే కత్తెర తీస్తాడు గాని కత్తి ముట్టడు. మిగతావాళ్ళు సెలవు ముందు రోజు సాయంత్రం గీయించుకుని ఆదివారం నున్నగా చర్చికి వస్తారు. మావాడి చర్మానికి అదీ పడలేదు. ఎండకీ దుమ్ముకీ అది ఎండిన బెండకాయలా ఉండేది. గీసుకున్న రెండు మూడుసార్లూ బుగ్గలు పొక్కి, పొట్టు లేచి, మనిషి నానా తిప్పలూ పడ్డాడు. దాంతో కత్తెరతో కత్తిరించుకోవడమే మేలని వదిలేశాడు.

ఇక మా థియేటర్లో వాడే జెల్ సంగతి చెప్పాలి. చిన్న సిరంజిలో ఉంటుంది. చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది, వేలికి తగిలితే జారుతుంది, సాగుతుంది. కన్ను తెరిచినప్పుడు లోపలిది కుంగిపోకుండా దాన్ని నింపుతారు. పని అయ్యాక కడిగి తీసేస్తారు. దాని పేరు సోడియం హయలురోనేట్. నేను చేరిన కొత్తలో అదేమిటని డాక్టరు మేడాన్ని అడిగితే, మనం వాడేది కోడిపుంజు తురాయి నుంచి తీసింది స్తుతీ అని మామూలుగా చెప్పి చేతులు కడుక్కోవడానికి పోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. తర్వాత ఆవిడ వెంటపడి మిగతాదంతా అడిగాను. పుంజు నెత్తిమీది ఆ ఎర్ర తురాయి నిటారుగా నిలబడేది ఈ పదార్థం నీళ్ళను గట్టిగా పట్టుకుని ఉండబట్టేనట. తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్ళను పట్టుకోగలదట. మనిషి కంట్లోనూ అదే ఉందట, మోకాలి కీలులోనూ అదే, ఒంటిమీది చర్మంలోనూ అదేనట.

ఆ వారం ఇంటికి పోయినప్పుడు మా పుంజును పట్టుకుని తురాయిని వేళ్ళ మధ్య నొక్కి చూశాను. వెచ్చగా, దళసరిగా ఉంది. దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాం, పండక్కి కోసుకు తింటూనే ఉన్నాం. తురాయిని మాత్రం పెంట మీద పారేస్తాం. అందులో మనుషుల కళ్ళు నిలబెట్టే సరుకు దాచిపెట్టిన దేవుడు ఎంత గడుసువాడో అనిపించింది. పుంజు నా చెయ్యి పొడిచింది. రక్తం వచ్చినా నాకు కోపం రాలేదు. మా ఇంట్లో అదే పెద్ద వింత.

అమ్మతో ఈ సంగతి చెప్పాను. ఎన్నేళ్ళు బతిమాలినా కదలని మనిషి పుంజు మాట వినేసరికి మెత్తబడింది. తెల్లారగట్ల లేపే ప్రాణి కన్ను తెరిపించడంలో తప్పేముందని తనకి తనే నచ్చజెప్పుకుంది. మార్చి నెలలో, యార్డు టిక్కీలతో, అంటే మిర్చి బస్తాలతో, నిండిపోయి ఊరంతా తుమ్ములు తుమ్ముతున్న రోజుల్లో, సరే కంటికి కత్తి పెట్టించుకుంటానంది.

అప్పట్నుంచి తమ్ముడికి ఒకటే ధ్యాస. ఒకనాడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చెప్పాడు.

"కట్టు విప్పంగానే అమ్మకి గుర్తున్న మొహమే కనపడాలక్కా. ఈ గడ్డంతో చూస్తే ఎవడో దొంగోడు అనుకుంటది."

గీసుకుంటే నీ ముఖం కాలిన అట్టులా అవుతుంది కదరా అన్నాను. అందుకే నిన్ను అడుగుతున్నా అన్నాడు. నేను మందుల షాపు కరీముల్లా గారిని అడిగితే, చర్మం డాక్టర్ల కోసం కంపెనీ వాళ్ళు ఇచ్చిపోయిన చిన్న ట్యూబు ఒకటి తీసి ఇచ్చారు. గడ్డం గీసుకున్నాక రాసుకోవడానికి కొత్తగా వచ్చిందట. సెలూన్లో కొట్టే స్ప్రేలా మండదట. తిప్పి చూస్తే వెనకాల సన్నటి అక్షరాల్లో అదే పేరు, సోడియం హయలురోనేట్. ముందు వైపు పెద్దక్షరాల్లో హయలురానిక్ యాసిడ్ అని ఉంది. అమ్మ కంట్లోకి పోయేదీ, తమ్ముడి బుగ్గ మీదికి పోయేదీ ఒకటే. ట్యూబు పట్టుకుని ఆ షాపు ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

వాడు మాత్రం యాసిడ్ అన్న మాట చూసి, బాత్రూం కడిగేదాన్ని ముఖానికి పూస్తావా అని జడుసుకున్నాడు. ఒళ్ళు మండి, కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఇది నీళ్ళను పట్టుకునే సరుకు, కాబట్టి తడి ముఖానికే రాయాలి. ఎండిన ముఖానికి రాస్తే పట్టుకోవడానికి నీళ్ళేవీ? ఆపరేషన్ రోజు యార్డుకి పోకుండా సాయంత్రం గీసుకో, తడి ఆరకముందే రాయి, పైన కొబ్బరినూనె ఒక చుక్క పుయ్యి అన్నాను. తల బాగా ఊపాడు. మావాడు తల ఊపాడంటే వినలేదని అర్థం.

మంగళవారం పొద్దున అమ్మని బల్ల మీద పడుకోబెట్టారు. మేడం చెయ్యి చాపితే సిరంజి నేనే అందించాను. ఎన్ని వందల కళ్ళకి అందించానో, కానీ ఆ రోజు దాని మీది పేరు రెండుసార్లు చదివాకే ఇచ్చాను. జెల్ లోపలికి పోయింది. కుంగిపోతున్న కన్ను మెల్లగా పొంగి నిలబడింది. ముదిరి తేనెరంగుకు తిరిగిన పొర బయటికి వచ్చేసింది. మా నాన్న పోయిన రోజుల్లోనూ ఏడవని దాన్ని, మాస్కు వెనకాల ఏడ్చాను. బాధతో కాదు. ఇంత పని ఇంత మెత్తగా జరుగుతుందని కళ్ళారా చూసి.

కట్టు కట్టి వార్డులో పడుకోబెట్టాం. మధ్యాహ్నానికి తమ్ముడు వచ్చాడు. గేటు దగ్గరే నాకు ఎదురుపడ్డాడు. ముఖం టమాటాలా వాచి ఉంది. కళ్ళు రెండూ గీతల్లా మూసుకుపోయాయి. బుగ్గల నిండా ఎర్రటి పేస్టు.

జరిగింది ఇదీ. సాయంత్రం గీసుకుంటే గాట్లు తెల్లారేసరికి మానవని వాడి లెక్క. అందుకని పేరయ్య దగ్గరికి పోకుండా పొద్దున్నే ఇంట్లోనే గీసుకున్నాడు. ఇంతలో మేస్త్రి నుంచి కబురు, లారీ వచ్చి నిలబడింది, ఒక్క గంట వచ్చి పొమ్మని. యార్డంటే దుమ్ము కదా, ట్యూబు చేతిలో ఉంది కదా, పైన పూత వేస్తే దుమ్ము లోపలికి దిగదనుకున్నాడు. గోడకి సున్నం వేసినట్టు ట్యూబు సగం ఎండిన ముఖానికి పట్టించి పోయాడు. అసలే జిగురుండే జెల్. టిక్కీలు విదిలించిన ప్రతిసారీ లేచిన కారమంతా ఎగిరొచ్చి ఆ జిగురుకే అంటుకుంది. మంట పుట్టాక నీళ్ళతో రుద్దాడు. నీళ్ళకి పోయేదైతే అది గుంటూరు కారం ఎందుకవుతుంది?

ఆ బట్టలతో అమ్మ మంచం దరిదాపులకి వస్తే కాళ్ళు విరగ్గొడతానని చెప్పి, వెనక కుళాయి దగ్గరికి లాక్కుపోయాను. ముందు నూనెతో తుడిచాను, తర్వాత సబ్బు, మళ్ళీ నూనె, మళ్ళీ సబ్బు. ఆపైన మెస్సులోంచి తెప్పించిన చల్లటి పెరుగు.  కడిగినంతసేపూ తిట్టడం ఆపలేదు. తిడుతుంటేనే నా చేతులు స్థిమితంగా పనిచేస్తాయి. కళ్ళు కడిగి మేడానికి చూపిస్తే కన్నుకేం ప్రమాదం లేదంది. మళ్ళీ కుళాయి దగ్గరికి వచ్చాక వాడు నోరు తెరిచాడు.

"రేపు పొద్దున్న నేను రానక్కా. ఈ మొహం చూడ్డానికా ఆమె కన్ను తెరిచేది?"

 ఇన్నేళ్ళూ బస్తాలు మోసి ఒక్కనాడూ కంట నీరు పెట్టనివాడు ఆ కుళాయి గట్టు మీద ముడుచుకుని కూర్చున్నాడు. తిట్టడం మాని నేనూ వాడి పక్కన చతికిలబడ్డాను.

మంట తగ్గాక, తడిపిన మెత్తటి గుడ్డ బుగ్గల మీద ఉంచి, ఆ తడి ఆరకముందే మిగిలిన జెల్ పల్చగా రాశాను. పైన ఒక చుక్క కొబ్బరినూనె. కారం మంటకి ఇది విరుగుడు కాదని నాకు తెలుసు, ఆ పని నూనె, పెరుగే చేశాయి. ఇది చేసేది వేరు. రాస్తుంటే వేళ్ళ కింద తెలిసింది. గరుగ్గా బిగుసుకుపోయిన చర్మం మెల్లగా సడలి, తడిని పట్టుకుని ఉండిపోయింది. పొద్దున అమ్మ కన్ను పొంగి నిలబడడం గుర్తొచ్చింది. ఒక్క రోజులో మా ఇంటి మనుషులిద్దరినీ పట్టుకున్నది ఒకటే సరుకు, పెంట మీద కూసే పుంజు తురాయిలో ఉండేదే.

సాయంత్రం అలవాటు ప్రకారం అమ్మ వాడి కోసం చెయ్యి చాపింది. వాడు జంకుతూ బుగ్గ అందించాడు. ఆమె వేళ్ళు చప్పున వెనక్కి పోయాయి. మళ్ళీ తడిమి, ఇదెవరి చెంపే అని నన్ను అడిగింది. నేనే అమ్మా అని వాడి గొంతు వినపడ్డాక కూడా నమ్మకం కుదరక చెవులు తడిమి చూసింది. ఆ చీకట్లో ఆమెకున్న ఒక్క గుర్తూ వాడు గీసి పారేశాడని మా ఇద్దరికీ అప్పటిదాకా తట్టలేదు.

తెల్లారేసరికి వాపు చాలావరకు దిగింది. ఎరుపు అక్కడక్కడా ఉంది, ముక్కు పక్కన పొట్టు లేచింది, కానీ ముఖం ముఖంలా ఉంది. మంచం ఎదురుగా వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టాను. మేడం కట్టు విప్పింది. అమ్మ రెప్పలు ఆడించింది. కిటికీ వైపు చూసింది, నా తెల్లచీర వైపు చూసింది, తర్వాత వాడి మీద చూపు ఆగింది.   

ఆమె మెల్లగా చెయ్యి చాపి వాడి గడ్డం కింద వేలు పెట్టి ముఖాన్ని వెలుతురుకి తిప్పింది.

"గడ్డం ఏం చేశావురా?" అంది.

నీ కోసమే గీశానమ్మా, నీకు గుర్తున్నట్టు కనపడాలని, అన్నాడు వాడు.

"నాకు గుర్తున్నోణ్ణి చూడ్డానికి కళ్ళెందుకురా? వాణ్ణి రోజూ చూస్తానే ఉన్నా. నువ్వు పెద్దోడివి కావడమే నేను చూళ్ళేదు. మళ్ళీ పెంచు. ఈసారి ఎట్టా పెరుగుద్దో రోజూ చూస్తా."

మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తమ్ముడు తలొంచుకున్నాడు. అమ్మ మాత్రం వాడి ముక్కు పక్కన లేచిన పొట్టును కూడా వదలకుండా చూస్తూనే ఉంది.

ఇంటికి పోయాక ప్రతి పొద్దునా వాణ్ణి వాకిట్లో వెలుతురులో నిలబెట్టి చూసింది. మొదట నీడలా వచ్చిందని, తర్వాత మూతి పక్కన ముందు మొలిచిందని, ఎడమ బుగ్గ మీద సుడి ఉందని, అది అచ్చం నాన్నదేనని, వాడికే తెలియని సంగతులు వాడికి చెప్పింది. శనివారం సాయంత్రం, చర్చికి నున్నగా పోవాలనీ, తడి ముఖానికి జెల్ రాయడం ఇప్పుడు బాగా వచ్చిందనీ వాడు పేరయ్య సెలూన్‌కి బయల్దేరాడు. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంకా చూడ్డం అవలేదంది. మర్నాడు వాడు పత్తి మోళ్ళ గడ్డంతోనే చర్చికి వచ్చి, ఆమెకు బాగా కనపడేలా ముందు వరసలో కూర్చున్నాడు.