ఫోనులో మస్టర్

మా మామ రాజం బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, సర్దారుగా రిటైరయ్యాడు. సర్దారంటే షిఫ్టులో పాతికమందికి పని చెప్పేవాడు. రిటైరయ్యాక చెప్పడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి నాకు చెప్పడం మొదలుపెట్టాడు. చారులో ఉప్పు, వాకిట్లో చెప్పులు, అన్నీ ఆయనకు ఇన్‌స్పెక్షనే. రెండు నెలలు భరించి, మా ఆయన జైపాల్‌ను పోరు పెట్టి మామకు స్మార్ట్‌ఫోను కొనిపించాను. నా స్వార్థమే, కాదనను.

"గిన్ని యాపులెందుకు బిడ్డా?" అన్నాడు మామ, తెరంతా నిండిన బొమ్మలు చూసి.

"పనికొచ్చేటియి ఉంచుకోండ్రి మామా. మిగిలినయి తీసెయ్యుండ్రి."

ఆ మాట చాలు. పొడుగు నోటుపుస్తకం తెచ్చి, గీతలు కొట్టి, యాపుల పేర్లన్నీ వరసగా రాశాడు. పని చేసిన రోజు మస్టర్, అంటే హాజరు. చేయని రోజు నాగా. నెలాఖరుకు లెక్క తేలుస్తాడట.

కొన్ని నెలాఖరు దాకా కూడా ఆగలేదు. వాన పడుతుందని చెప్పిన యాపును నమ్మి వడియాలు ఎత్తిపెట్టాం. ఎండ పెళపెళా కాసింది. "తప్పుడు రిపోర్టు" అని దాన్ని అప్పుడే తీసేశాడు. అడుగులు లెక్కపెట్టేది, మామ మంచమ్మీద కూర్చుని కాళ్లు ఊపినా లెక్క పెంచింది. "పని చెయ్యకుంటనే మస్టర్ వేసుకుంటున్నది దొంగది!" అని దాన్నీ పంపేశాడు. గ్యాసు బుక్ చేసేదానికి మాత్రం, నెలకోసారే పని కాబట్టి, మిగతా రోజులు సెలవు మంజూరు చేశాడు. నాకు హాయిగా ఉంది. చారు సంగతి ఎత్తేవాడే లేడు.

కానీ ఆ ఫోనులో నేను గుట్టుగా పెట్టిన యాపు ఒకటుంది. పేరు 'అక్షరాలు'. అది మా అత్తమ్మ సారక్క కోసం. పింఛను కాగితాల మీద వేలిముద్ర వేయించేటప్పుడు, బ్యాంకులో గుమస్తా ఆమె బొటనవేలు తానే పట్టుకుని, వస్తువును నొక్కినట్టు నొక్కాడు. ఇంటికొచ్చేదాకా అత్తమ్మ ఆ వేలిని కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"వచ్చే నెల మల్ల పోవాలె గద, గప్పుడు సంతకం పెడుత" అంది. "మీ మామకు చెప్పకు. నవ్వుతడు."

మామ మధ్యాహ్నం పడుకోగానే ఆమె వేలితో అక్షరాలు దిద్దేది. ఫోను తెరవడానికి ఆమె వేలిముద్ర నేనే ఎక్కించాను. "గింత తెలివిగల్ల ఫోనుకు సుత వేలిముద్రేనా!" అని నవ్వింది. నెలలో గుణింతాలు పూర్తయ్యాయి. ఒత్తులు ఇంకా మొదలుపెట్టలేదు. యాపు తీసేస్తే మళ్లీ 'అ' నుంచే.

నెలాఖరు సాయంత్రం మామ కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"అక్షరాలు. ముప్పై నాగాలు! ఒక్కనాడు డ్యూటీకి రాలే. అయినా ఈ ఇంట్ల అక్షరాలు రానోళ్లు ఎవరున్నరు?"

వంటింట్లోంచి అత్తమ్మ వచ్చింది.

"ఆగయ్యా. ఎంక్వైరీ లేకుంట ఎట్ల తీస్తవు? బాయిల ఎవలనన్న గట్ల తీసిన్రా?"

మామ తడబడ్డాడు. రూలు రూలే.

"దీని తరఫున మాట్లాడేదెవలు?"

"నేను."

అత్తమ్మ పుస్తకం అందుకుని, ఆ వరస కింద వేలు పెట్టింది. "నా... గా. నాగా." మళ్లీ పక్క గడి. "నాగా. గిది తప్పు రాసినవ్. ఇది దినాం మధ్యాహ్నం షిఫ్టుకు వస్తున్నది. నువ్వు పండుకుంటున్నవ్."

నవ్వుతాడనుకున్నాను. మామ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"నన్ను లేపకపోయినవా?"

"షిఫ్టు చేసొచ్చి పండుకున్నోన్ని లేపద్దని ముప్పై నాలుగేండ్లు నేర్చుకున్న. గిప్పుడెట్ల లేపుత?"

మామ ముప్పై నాగాలూ ఒక్కొక్కటే కొట్టేసి, మస్టర్లు వేశాడు. తర్వాత పెన్ను ఆమె వైపు జరిపాడు.

"సాక్షివి. సంతకం పెట్టు."

అత్తమ్మ నాలుక పంటి కింద బిగించి, నాలుగు గడులు ఆక్రమించి రాసింది. సారక.

మామ వంగి చూశాడు. "ఒత్తేదే?"

"అది ఇయ్యాల నాగా పెట్టింది. రేపు డ్యూటీకొస్తది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మామ ఆ పేరు ఎదురుగా మస్టర్ వేసి పుస్తకం మూశాడు.

"అట్లయితే రేపు మధ్యాహ్నం నన్ను లేపు" అన్నాడు.