చెవిలో తీగ

"ఇవాళ మా ప్రసీతని పనిలోంచి తీసేస్తారు. చూస్తూండు, తీసేస్తారు," అన్నాను బస్సులో జిన్సీతో.

"మొయిదీన్ ఇక్కా నిన్ను రమ్మన్నాడంతే కదా చేచీ. ఓణం బోనస్ గురించేమో," అంది జిన్సీ. మా కేరళలో చేచీ అంటే అక్క, ఇక్కా అంటే అన్న. మనసు బాగాలేనివాళ్ళకి పని వెతికిపెట్టి, అందులో నిలదొక్కుకునేదాకా వెంట ఉండడమే ఆ పిల్ల ఉద్యోగం. కొట్లో మాత్రం మా చుట్టమ్మాయిననే చెప్పుకుంటుంది. జబ్బు మాట ఎవరికీ చెప్పొద్దంది మా అమ్మాయి ప్రసీత.

ప్రసీతకి తలలో రెండు గొంతులు వినపడతాయి. మందులతో తగ్గాయిగానీ పోలేదు. బదులివ్వకపోతే గోల చేస్తాయట. చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడుకోమని ఉపాయం చెప్పింది జిన్సీయే. చూసేవాళ్ళు ఫోనేలే అనుకుంటారు. అలా మొయిదీన్ ఇక్కా అరటి చిప్స్ కొట్లో పొట్లాలు కడుతోంది. వేడి నూనె మీద పడుతుందని మొదట్లో నేను ఏడిస్తే, ప్రసీత మూకుడికీ తన బల్లకీ మధ్యనున్న గోడ చూపించింది. గోడ కూలితేనో అన్నాను.

కొట్లో ఇక్కా మొహం ముడుచుకునే ఉన్నాడు.

"పనికి వంక పెట్టను చేచీ. కానీ పొద్దస్తమానం ఆ ఫోనేంటి? పనివేళ ఫోను కూడదని గోడమీద రాశానా లేదా? దానికో న్యాయం, మాకో న్యాయమా అని మిగతావాళ్ళు నన్ను తినేస్తున్నారు. ఎవరితో తల్లీ అన్ని కబుర్లు?" అని ప్రసీత వైపు తిరిగాడు.

"దుబాయ్‌లో మా తమ్ముడి కూతురుంది ఇక్కా, పాపం దానికి తోచక..." నా నోట్లోంచి అబద్ధం ఊడిపడింది.

జిన్సీ నా మోచెయ్యి గిల్లింది. "ప్రసీతని చెప్పనీ," అంది చెవిలో.

ప్రసీత జేబులోంచి తీగ కొస పైకి తీసింది. దానికి ఏ ఫోనూ లేదు.

"నాకు జబ్బుంది ఇక్కా. తలలో ఇద్దరు మాట్లాడతారు. పని చేసుకోనివ్వండని వాళ్ళకి చెప్తుంటాను."

ఇక్కా తీగ కొస పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరో వచ్చి అరకిలో చిప్స్ కొనుక్కుపోయారు. అప్పటికీ తీగ వదల్లేదు. ఇంటికెళ్ళాక దీన్ని ఎలా ఓదార్చాలా అని నేను అప్పుడే ఆలోచనలో పడ్డాను.

చివరికి తీగ ప్రసీత చేతిలో పెట్టాడు.

"గోడమీద రాసింది ఫోను గురించేగా. ఇది ఫోను కాదు, మిగతావాళ్ళకి నేను చెప్పుకుంటాలే," అన్నాడు. "ఆ ఇద్దరికి మాత్రం జీతం అడక్కు."