ఉప్పు కడిగే వాన

భర్త వాల్టర్ పోయాక ఆ ఇంట్లో ఎడ్నాకు మిగిలిన చప్పుడు ఒక్కటే. ఆదివారం భోజనమయ్యాక గ్యారేజీలోకి వెళ్లి, ఆయన ప్రాణంగా చూసుకున్న ఆకుపచ్చ పాత స్పోర్ట్స్ కారు మీది దుప్పటి సగం తీసి, తాళం తిప్పేది. బండి గుర్రుమని లేచేది. కాసేపు విని ఆపేసేది. ఆ కాసేపూ వాల్టర్ లోపలే ఏదో బాగుచేసుకుంటున్నట్టు ఉండేది.

వాళ్ల ఊరు బక్స్‌టన్‌లో చలికాలమంతా మంచు పట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది తగిలితే పాత ఇనుము తుప్పు పట్టి పోతుంది. అందుకే ఉప్పు లారీ తిరగకముందే ఇలాంటి బండ్లన్నీ లోపల పడుకోవాల్సిందే.

జనవరిలో వాల్టర్ స్నేహితుడు స్టాన్లీ టీకి వచ్చి, పనిలో పనిగా గ్యారేజీలోకి తొంగిచూశాడు. బండి వెనక పొగగొట్టంలో వేలు పెడితే తడి తగిలింది.

"దీన్ని ఎవరు లేపుతున్నారు?"

"నేనే. పాపం, చలికి బిగుసుకుపోతుందని."

"చంపుతున్నావు కదమ్మాయ్! వేడెక్కీ ఎక్కకముందే ఆపేస్తే లోపల నీరు చేరి గొట్టాన్ని తినేస్తుంది. తోలితే బాగా వేడెక్కేదాకా తోలాలి. లేదంటే ముట్టుకోకూడదు."

"వాల్టర్ ఉంటే నన్నిలా కసరనిచ్చేవాడా?"

"వాల్టర్ ఉంటే అసలు నీ చేతికి తాళమే ఇచ్చేవాడు కాదు."

ఎడ్నాకు నవ్వొచ్చింది. అతను వెళ్లాక మాత్రం తాళం మేకుకు తగిలించి చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. బండి బతకాలంటే ఆ చప్పుడు వదులుకోవాలి. ఆదివారం గ్యారేజీలో స్టూలు వేసుకుని ఊరికే కూర్చుంది. ఇంట్లోకొచ్చి రేడియో పెట్టింది. కట్టేసింది.

మార్చిలో చలి విరిగి వాన పట్టుకుంది. ఊరంతా తిట్టుకుంటుంటే, ఎడ్నా గుమ్మంలో నిలబడి రోడ్డు పక్కన పారే నీళ్లు చూసి మురిసిపోయింది. స్టాన్లీకి ఫోన్ చేసింది.

"ఉప్పంతా పోయుంటుందా?"

"ఇంకో వాన పడాలి."

"నిన్నా అదే మాట అన్నావు."

"నిన్న పడింది వానా? చినుకులు!"

ఇంకో వాన పడింది, గట్టిగానే. రోడ్లు ఆరి ఎండ కాసిన రోజు స్టాన్లీ వచ్చేసరికి, ఎడ్నా వాల్టర్ టోపీ పెట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది.

"జరుగు, నేను తోలతాను."

"నువ్వు పక్కన కూర్చో. బాగా వేడెక్కేదాకా తోలమన్నావుగా!"

తాళం తిప్పింది. బండి ఒకసారి దగ్గి, మళ్లీ దగ్గి, గుర్రుమంది. ఈసారి ఆమె ఆపలేదు.