దిండు కింది మాత్రలు

శ్రీరంగప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. పంతొమ్మిది వందల డెబ్బయ్యెనిమిది వేసవిలో కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే భార్య ఓబమ్మ అతన్ని అనంతపురంలో ఒక ఆసుపత్రికి తీసుకొచ్చింది. అపెండిక్స్ తీసేశారు. కుట్లు చీము పట్టకుండా పూటపూటకూ గొట్టం మాత్రలు, అంటే క్యాప్సూళ్లు, ఇవ్వమని డాక్టరు సోమశేఖర్ రాశాడు.

నేల మీద కూడా రోగులున్న వార్డది. నర్సు రామసుబ్బమ్మ మాత్రలు చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడే తీరిక లేక ముందుకు పోయేది. నొప్పి ఉన్నన్నాళ్లు శ్రీరంగప్ప మింగాడు. తగ్గాక మానేశాడు. గోరంట్లలో ఉన్న వాళ్లక్క లక్ష్మక్కకు కాలి మీద మానని పుండు. చీముకు మందే కదా, ఆమెకు పనికొస్తుందని దిండు కింద దాచాడు.

కొన్నాళ్లకే అతనికి జ్వరం తగిలింది. కట్టు విప్పితే కుట్ల సందున చీము కారింది. డాక్టరు మండిపడ్డాడు.

"ఏం సిస్టర్, మాత్రలు ఇచ్చినావా, ఎగ్గొట్టినావా?"

"ఇచ్చినాను సార్. దేవుని తోడు."

"ఇచ్చింటే చీమెట్ల పడుతుంది? నీ అశ్రద్ధకు ఈ మనిషి సచ్చిపోతే?"

వార్డంతా వింటోంది. రామసుబ్బమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క మాట చెప్పమన్నట్టు శ్రీరంగప్ప వైపు చూసింది. అతను గోడవైపు తల తిప్పుకున్నాడు.

ఓబమ్మ లేచి దిండు కింది పొట్లం తీసి డాక్టరు చేతికిచ్చింది.

"ఆయమ్మను ఏమనొద్దు సార్. మా ఇంటాయనే తినకుండా పెట్టినాడు, వాళ్లక్కకని."

పక్క మంచం మీది తిప్పన్న మెల్లగా తన దిండు కింద చెయ్యి పెట్టి కొన్ని మాత్రలు బయటికి తీశాడు. అవతల ఇంకొకరు తీశారు. డాక్టరు గొంతు తగ్గింది.

"నొప్పి పోయినా తినల్లని మీకెవరూ చెప్పలేదా?"

ఆయన రామసుబ్బమ్మతో ఏదో అనబోయి, అనలేక, కట్టు సామాను తెమ్మన్నాడు.

గాయం మళ్లీ తెరిచి కడిగారు. మానడానికి చాలా రోజులు పట్టింది. రామసుబ్బమ్మ ఇప్పుడు మాత్ర ఇచ్చి అక్కడే నిలబడేది. "నోరు తెరువు" అనేది. పెళ్లీడు కూతురున్న శ్రీరంగప్ప, పిల్లాడిలా నాలుక ఎత్తి చూపించేవాడు. తప్పయిందన్న మాట ఆ నాలుక మీదికొచ్చి ఆగిపోయేది.

డాక్టరు చెబితే లక్ష్మక్కను పిలిపించారు. చక్కెర జబ్బు వల్లే పుండు మానలేదని తేలింది. దాచిన మాత్రలతో నయమయ్యేది కాదది.

ఇంటికి పోయే రోజు శ్రీరంగప్ప నర్సుకు చేతులు జోడించాడు.

"తప్పయిపాయ తల్లీ."

"ఆ పొద్దే ఒక మాట చెప్పింటే సాలు కదప్పా," అని రామసుబ్బమ్మ తిప్పన్న మంచం దగ్గరికి పోయింది.

మూట పట్టుకుని ఓబమ్మ గుమ్మం దాటింది. జోడించిన చేతులు ఎప్పుడు దించాలో తెలియక అతను అక్కడే నిలబడ్డాడు.