గడ్డికి వేరే వాల్వు

"పైపు పట్టుకుని నిలబడటం కూడా ఒక పనేనా?" అన్నాడు భర్త, షూ లేసులు కట్టుకుంటూ.

ఆమె అప్పటికి తోటంతా తిరిగి మొక్కలకి నీళ్లు పట్టి వచ్చింది. మడమల దాకా బురద. ఇంటిముందు గడ్డి ఆయన ముచ్చట, స్నేహితులొచ్చి మెచ్చుకునేది దాన్నే. నీళ్లన్నీ అదే తాగేసేది. కూరమడికీ, ప్రహరీ పక్క పూలమొక్కలకీ, మెట్లమీది కుండీలకీ మిగిలిందే దక్కేది. రోజూ ఆమెకి ఆఫీసుకి ఆలస్యమే. "తోటలోంచి ఇటే వస్తున్నారా మేడమ్?" అని మేనేజరు అందరి ముందూ నవ్వేవాడు.

ఆ రోజెందుకో ఏడుపు రాలేదు, ఆలోచన వచ్చింది. అన్నిటికీ ఒకేలా ఎందుకు పొయ్యాలి? వంగమొక్క దాహమూ కలబంద దాహమూ ఒకటేనా? ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో రుచిలో వండిపెట్టే మనిషికి ఇంతకాలం ఈ మాత్రం తట్టలేదేమిటి! కుళాయి కింద బకెట్ పెట్టి, ఎంతసేపటికి నిండుతుందో చూసింది. ఈ ధారకి తోటంతా ఒక్కసారే తడవదు. భాగాలు చేసి, ఒకదాని తర్వాత ఒకటి వదిలితే తడుస్తుంది. ఒళ్లంతా జివ్వుమంది. సున్నం తెచ్చి నేలమీద గీతలు గీసేసింది. గడ్డి, కూరలు, పూలు, కుండీలు.

"పిచ్చిగానీ పట్టిందా అమ్మాయ్?" అంది అత్తగారు వరండాలోంచి.

"పట్టిందత్తయ్యా!"

పైపుల షాపతను తలెత్తకుండానే, "సార్‌ని పంపండి మేడమ్, సైజులవీ తెలియాలి కదా" అన్నాడు.

"సార్‌కి మా కుళాయి ఎక్కడుందో తెలీదు. ముప్పావు అంగుళం పైపు తియ్యండి, వాల్వులు నాలుగు. వేళకి దానంతటదే వదిలే టైమరు కూడా."

ఆ టైమరుకి మూడే దారులున్నాయి, నాలుగో వాల్వు చేత్తో తిప్పుకోవాల్సిందే. ఆమె నాలుగు వాల్వులూ మరోసారి లెక్కపెట్టింది. "చాలు" అంది.

సెలవురోజు గునపం పట్టుకుంది. కాసేపటికి అత్తగారు చీర ఎగదోపుకుని వచ్చి పైపు రెండో కొస పట్టుకుంది. "ఈ పెరట్లో బిందెలు మోసి మోసి నా నడుం పోయింది. ఇలా చెయ్యొచ్చని ఒక్కరూ చెప్పలేదే!" అంటూ తనే వాల్వు తిప్పింది. పైపుకి పెట్టిన సన్నటి చిల్లుల్లోంచి వంగ మొదళ్లలో నీళ్లు బొట్టుబొట్టుగా దిగాయి. "వచ్చాయే! వచ్చేశాయి!" అని చప్పట్లు కొట్టింది పెద్దావిడ. బిగించని జాయింటొకటి ఊడి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. నవ్వీ నవ్వీ మట్టిలోనే కూలబడ్డారు.

వారం తర్వాత ఒక పొద్దున అత్తాకోడళ్లు వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. కూరమడి తనంతట తానే తడుస్తోంది. భర్త గుమ్మంలోకొచ్చాడు.

"గడ్డి ఎండిపోతోంది. దానికి నీళ్లు రావేం?"

"దాని వాల్వు చేత్తో తిప్పాలండీ."

"మరి తిప్పలేదేం?"

ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు కళ్లజోడు పైనుంచి కొడుకుని చూసి, "ఒరేయ్, అది నీ భాగంరా" అంది.

ఆయన పెళ్లాం వైపు చూశాడు, ఎప్పటిలాగే. ఆమెకి 'నేను చూస్తాలెండి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే మింగేసి, పేపర్లో తర్వాతి పేజీ తిప్పింది.