పెట్టె మీది నంబరు

ఒకదానిలో ఒకటి దూర్చిన పద్దెనిమిది ట్రాలీలను ఖైసర్ వంగి నెడుతున్నాడు. మోకాలు కలుక్కుమన్నా ఆగలేదు. పదిహేనేళ్లుగా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో అదే పని. విమానం మాత్రం ఎన్నడూ ఎక్కిన పాపాన పోలేదు.

సూపర్‌వైజర్ జగదీశ్ ఫోను పట్టుకొని ఎదురొచ్చాడు. బర్మా యుద్ధంనాటి వైమానిక దళం రికార్డుల కోసం ఖైసర్ తరఫున ఢిల్లీకి రాసిపెట్టింది అతనే.

"జవాబొచ్చింది ఖైసర్ భాయ్. మీ తాత పేరుతోని చానమంది ఉన్నరట. సర్వీసు నంబరుంటేనే రిజిస్టర్ల చూస్తరట."

"నంబరు నానా పెట్టె మీదుండె అన్నా," అన్నాడు ఖైసర్.

ఖైసర్ నానా, అంటే తల్లి నసీమా తండ్రి, ఉబేద్. యుద్ధవిమానంలో గన్నర్. యుద్ధమయ్యాక అతని రేకుపెట్టె ఇంటికొచ్చింది, మనిషి రాలేదు. రంగూన్‌లో ఇంకో కాపురం పెట్టాడని ఊరు కథలల్లింది. కుండ మూతికి మూకుడు వేస్తాం గానీ లోకం మూతికి వేయగలమా? అప్పటికి పాలు తాగే నసీమా ఎనభై ఏళ్లుగా పారిపోయినోడి బిడ్డగానే బతికింది. ఇప్పుడు మంచంలో ఊపిరి ఎగబీలుస్తూ ఒక్కటే అడుగుతోంది, బాబా నిజంగా పారిపోయాడా అని.

ఆ ఇంట్లో పెళ్లి జరిగినప్పుడల్లా పెట్టెకు కొత్త రంగు వేస్తారు. మధ్యాహ్నం సాతంరాయిలోని ఇంటికి చేరగానే ఖైసర్ గడపలో కూర్చొని బ్లేడుతో మూత గీకసాగాడు. ఆకుపచ్చ కూతురి పెళ్లిది. నీలం చెల్లెలిది. ఎరుపు తన పెళ్లిది. దాని కింద ఏమీ లేదు, ఉత్త రేకు.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్త రంగు బాగా పట్టాలని పెళ్లికి ముందు మూతనంతా ఉప్పుకాగితంతో రుద్దింది తానే. ఎంత మురిసిపోతూ రుద్దాడో! తాతను చేజేతులా చెరిపేశాడు. తల గోడకేసి బాదుకోవాలనిపించింది.

"బాబా పేరు దొరికిందా బేటా?" లోపలి నుంచి నసీమా.

ఖైసర్ బ్లేడు కింద పెట్టి లోపలికెళ్లాడు.

"దొరికింది అమ్మీ."

"ఏమన్నరు?"

"నానా పారిపోలేదట. విమానం కూలిందట. రిజిస్టర్ల రాసి ఉన్నదట."

"నాకెరికే," అందామె. కొంగు తలమీదికి లాక్కొని గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రపు అసర్ నమాజుకు లేపబోతే ఒళ్లు చల్లగా తగిలింది.

పొద్దుగూకేవేళ నసీమా జనాజా లేచింది. మోసేవాళ్లకు అడ్డమని ఎవరో పెట్టెను గడపలోంచి పక్కకు జరిపారు. నంబరుండాల్సిన చోట రేకు మెరుస్తోంది.