శుక్రవారం పూట బాగైన కారు

"ఇంట్లో కారు పెట్టుకొని నువ్వు బస్సెక్కితే ఊర్లో నా మొగం యాడ పెట్టుకోవల్ల?" అన్నాడు నాయన, జొన్నరొట్టె తుంచుకుంటూ. కదిరి దగ్గరి పల్లెలో అమ్మమ్మకు మాట పడిపోయిందని మామ ఫోన్ చేసిన గురువారం సాయంత్రం అది. బస్సులో పోయొస్తానన్న అమ్మ, పోనీ కారులోనే తీసుకుపొమ్మంది. "అది పెట్రోలు కారతాండాది కదా, దారిలో అంటుకుంటే?" అన్నాడు. బస్సుకు పరువు అడ్డం, కారుకు పెట్రోలు అడ్డం. అమ్మ ఆయనకు ఇంకో రొట్టె వేసింది.

ఆ కారు తాత కాలం నాటి తెల్ల అంబాసిడర్. రోజూ తుడిచేది అమ్మ. దసరాకు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేదీ అమ్మే. ఎక్కేటప్పుడు మాత్రం ముందు సీటు జేజిది, నాయన వాళ్లమ్మది. అమ్మా నేనూ వెనక, సంచుల మధ్య. కార్బురేటర్ మొరాయించినప్పుడల్లా నాయన బానెట్ ఎత్తుతాడు. విప్పిన స్క్రూలు పోకుండా అమ్మ పక్కన పళ్లెం పట్టుకొని నిలబడాలి. "సరిగా పట్టుకోవే, చేతికేమన్నా జబ్బా?" అని తిట్లు తినాలి. ఆ తిట్ల మధ్యే ఏ స్క్రూ ఎక్కడిదో ఆమె నేర్చేసుకుందని శుక్రవారం పొద్దున దాకా నాకు తెలియదు.

నాయన చేను దగ్గరికి పోగానే అమ్మ నన్ను పిలిచి పళ్లెం చేతికిచ్చింది.

"నాయన తిట్టడా మా?"

"తిట్టనీ. తిట్టుకుంటానే కదిరికి తోల్తాడులే."

పొయ్యి ఆర్పానో లేదో నన్ను అడిగి, బ్యాటరీ వైరు ఊడదీసి, కార్బురేటర్ మూత విప్పింది. లోపల పెట్రోలు మీద తేలే చిన్న డబ్బా ఉంది. పెట్రోలు చాలినంత నిండగానే అది పైకి లేచి, ఒక సూదిని నెట్టి దారి మూయాలి. సూది కూర్చునే చోట ఎర్రటి తుప్పు రేణువు ఇరుక్కుంది. రాగిగింజంత కూడా లేదు. దానివల్ల దారి మూసుకోక పెట్రోలు పొంగి కారుతోంది. అమ్మ పాత చీర పేలికతో దాన్ని తీసి, ఉఫ్‌మని ఊది, అన్నీ మళ్లీ బిగించింది.

"ఇంతేనా మా?"

"ఇంతే."

నాయన ఎన్నోసార్లు చేసిన పనే ఇది. ఈసారి ఎందుకు చేయలేదో ఆలోచించకూడదనుకున్నాను. కానీ ఆలోచించాను.

నాయన వచ్చి స్టార్ట్ చేసి, కిందికి వంగి చూశాడు. చుక్క కూడా లేదు. "ఎవురు ముట్టుకున్న్యారు దీన్ని?"

"నేనే," అంది అమ్మ, నల్లబడిన వేళ్లు కొంగులో దాచుకుంటూ. "ఇప్పుడు బయల్దేరితే మధ్యాన్నానికి చేరతాం."

అరుగు మీది నుంచి జేజి గొంతు లేచింది. "శుక్కురారం పూట కోడలు గడప దాటి పుట్టింటికి పోతే ఈ ఇంట్లో లచ్చిమి నిలుస్తాదా? రేపు పోదువులే. మీయమ్మ యాడికీ పోదు."

"విన్యావు కదా," అన్నాడు నాయన. "రేపు నేనే తోల్కపోతా."

అని, తెల్లచొక్కా తొడుక్కొని, అదే కారులో కళ్యాణదుర్గంలో ఎవరో నాయకుడి గృహప్రవేశానికి పోయాడు. శుక్రవారం ఆడవాళ్లకే కాబోలు, కారుకు లేదు. అమ్మ, సర్దుకున్న సంచి పక్కనే కూర్చొని, విత్తనానికి శనక్కాయలు ఒలిచింది. వేళ్ల మసి పప్పులకు అంటితే, "ఇత్తనం పాడు చేస్తాండావేమే?" అని జేజి కసిరింది. అమ్మ లేచి పోయి మళ్లీ చేతులు కడుక్కొచ్చింది. ఆమె ఏడ్చి ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు.

శనివారం ఇంకా తెల్లవారకముందే ఫోన్ వచ్చింది.

కారు ఎక్కడా ఆగలేదు. చుక్క కారలేదు. మేము పోయేసరికి అమ్మమ్మను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. అమ్మ ఆమె పాదాల దగ్గర కూలబడి, నా చేయి పట్టుకుంది. మామ చంద్రమోహన్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక్కరోజు ముందు రాకపోతివే అక్కా? నోరు లేకపోయినా వాకిలి పక్కే చూస్తా ఉండె."

అమ్మ నోరు తెరిచేలోపు నాయన అందుకున్నాడు. "కారు పెట్రోలు కారతా ఉండె మోహనా. దారిలో అంటుకుంటే అందరమూ పోతాం కదప్పా. ఏం చేద్దాం, రాత."

చుట్టూ ఉన్నవాళ్లు నిజమేనన్నట్టు తలలూపారు. అమ్మ నా చేతిని గట్టిగా నొక్కింది. మాట్లాడొద్దని. అది చెప్పనవసరం లేదు. బళ్లో హాజరు పలకడానికే గొంతు రాని దాన్ని నేను.

"నిన్న పొద్దున్నే బాగైంది మామా," అన్నాను. "అమ్మే బాగు చేసింది. నాయన దాంట్లో కళ్యాణదుర్గం పోయొచ్చినాడు."

నాయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

అమ్మ నా చేయి వదల్లేదు. నొక్కడం మాత్రం మానేసింది.